మంచానికి బీమా, మందుల చీటీకి మొండిచెయ్యి

ఆంధ్రప్రదేశ్‌లో ఒక కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం. తెలంగాణలో 10 లక్షలు. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డు మీద 5 లక్షలు. గోడల మీద, బస్సుల వెనక, ఎన్నికల కరపత్రాల్లో చూసీ చూసీ ఈ అంకెలు జనానికి కంఠతా వచ్చేశాయి. వీటి పక్కన ఎవరూ అచ్చువేయని అంకె ఇంకోటుంది. భర్తకు షుగరు, భార్యకు బీపీ, మామగారికి గుండె జబ్బు ఉన్న ఇంట్లో నెలకోసారి మందుల షాపులో కట్టే బిల్లు అది. కౌంటరు మీద 25 లక్షల కార్డు పెట్టినా ఆ బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు.

ఇది అమల్లో దొర్లిన లోపం కాదు. పథకాన్ని కట్టిందే అలా.

2007కు ముందు పెద్ద జబ్బు చేసిన పేదవాడికి ఉన్న దారి ముఖ్యమంత్రి సహాయనిధి ఒక్కటే. ఎమ్మెల్యే లెటరు, ఆస్పత్రి ఎస్టిమేటు, సచివాలయం చుట్టూ ప్రదక్షిణలు. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఉమ్మడి రాష్ట్రంలో ఈ నిధి నుంచి 55 వేల పైచిలుకు కేసులకు సుమారు 168 కోట్ల రూపాయలు ఇచ్చారు. స్వయంగా డాక్టరైన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఈ అర్జీల బాధ తప్పించే ఏర్పాటు చేయాలనుకున్నారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 జులై నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు.

సహాయనిధికి వచ్చిన అర్జీలు గుండె, కిడ్నీ, మెదడు, క్యాన్సర్ ఆపరేషన్లవి. పథకం కూడా వాటి చుట్టూనే అల్లుకుంది. నెలనెలా మాత్రలు కొనలేకపోతున్నానని ముఖ్యమంత్రికి అర్జీ పెట్టుకున్నవాళ్లు ఉండరు. మాత్రలు పథకంలోకి రాకపోవడానికి మూలం అక్కడే ఉందనిపిస్తుంది.

ఆరోగ్యశ్రీ చేసిన మేలును తక్కువ చేయడానికి లేదు. కార్పొరేట్ ఆస్పత్రి గేటు దాకా కూడా వెళ్లలేని కూలి మనిషికి బైపాస్ ఆపరేషన్ చేయించిన పథకం అది. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే పరిశోధకులు దాని మొదటి తొమ్మిది నెలల ఫలితాలను లెక్కగట్టి 2012లో ప్రచురించారు. ఆస్పత్రిలో చేరినప్పుడు జేబులోంచి పోయే ఖర్చు గణనీయంగా తగ్గిందని వాళ్లు తేల్చారు. అడ్మిట్ కాకుండా చూపించుకునే వైద్యం ఖర్చు మాత్రం అంతగా తగ్గలేదన్నారు. కుటుంబాన్ని కుంగదీసే స్థాయి ఖర్చులపై స్పష్టమైన ప్రభావం కనిపించలేదన్నదీ అదే అధ్యయనం. పథకం బలమూ బలహీనతా మొదటి ఏడాదే బయటపడ్డాయన్నమాట.

తర్వాత పదిహేనేళ్లలో జరిగింది ఎక్కువగా అంకెల పెంపే. రెండు లక్షలతో మొదలైన పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలై, 2023 డిసెంబరులో ఏకంగా 25 లక్షలైంది. తెలంగాణలో అదే నెల 7న ప్రమాణం చేసిన కొత్త ప్రభుత్వం 9వ తేదీకల్లా 10 లక్షలు చేసింది. చికిత్సల జాబితా ఆంధ్రప్రదేశ్‌లో 1,059 నుంచి 3,257కు పెరిగింది. తెలంగాణలో 1,672 ఉండగా 2024లో మరో 163 చేర్చారు. పేరు కూడా ఊరుకోలేదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డులు రాసేవాళ్లకు మాత్రం పని తప్పలేదు.

పరిమితి పెంచడం ప్రభుత్వాలకు చవకలో వచ్చే వాగ్దానం. ప్యాకేజీ ధరల్లో లెక్కేస్తే ఐదు లక్షలు దాటే చికిత్సలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అవయవ మార్పిడి, కొన్ని క్యాన్సర్లు, కాక్లియర్ ఇంప్లాంట్లు వంటి వాటిని పక్కనపెడితే మామూలు కుటుంబం ఆ గీత దరిదాపులకు కూడా వెళ్లదు. అవసరమైన కొద్దిమందికి అది ప్రాణదానమే. కానీ 25 లక్షలన్న మాట విని, ఇక జబ్బు ఖర్చుల భయం తీరిందనుకున్న లక్షల కుటుంబాలకు జరిగిన మార్పు దాదాపు శూన్యం.

కార్డు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ తేడా బోధపడుతుంది. జబ్బుకు కాదు, ప్యాకేజీకి డబ్బు. రోగి నెట్‌వర్క్ ఆస్పత్రికి, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆస్పత్రికి వెళ్తాడు. అక్కడ హెల్ప్‌డెస్క్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్ర కార్డు చూసి వివరాలు ఎక్కిస్తారు. డాక్టర్లు ఫలానా చికిత్స కావాలని రిపోర్టులు జతచేసి పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపుతారు. అక్కడి వైద్యులు చూసి సరేనంటే 'అప్రూవల్' వచ్చినట్టు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది. ఆ ప్యాకేజీలో ఆపరేషన్, బెడ్డు, పరీక్షలు, భోజనం, మందులు అన్నీ ఉంటాయి. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా. ఆయుష్మాన్ భారత్‌లోనైతే చేరడానికి మూడు రోజుల ముందు ఖర్చులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు లెక్కలోకి వస్తాయి.

పదకొండో రోజు నుంచో, పదహారో రోజు నుంచో ఎవరి దారి వాళ్లది.

గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషినే తీసుకుందాం. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది. అంతకుముందు లక్ష దాటే రకాలు కూడా 29,600 రూపాయలకు దిగాయి. కార్డున్న రోగికి అదీ ఉచితమే. అయితే స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు సాధారణంగా ఏడాదిపాటు మానకుండా వేసుకోవాలి. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర వీటికి అదనం. మధ్యలో మానేస్తే స్టెంట్ లోపలే గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ప్రభుత్వం వేలు పోసి వేయించిన స్టెంట్, నెలకు కొన్ని వందలు పెట్టలేక మూసుకుపోతే ఆ నష్టం రోగి ఒక్కడిదే కాదు.

ఈ సంగతి పథకం రూపకర్తలకు తెలియక కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 125 రకాల చికిత్సలకు ఏడాదిపాటు ఫాలో-అప్ ప్యాకేజీ పెట్టారు. డాక్టరును చూడటం, పరీక్షలు, మందులు అన్నీ అందులో భాగం. ఇది ఆరోగ్యశ్రీలోని మంచి ఆలోచనల్లో ఒకటి, ప్రచారం అతి తక్కువగా దొరికినదీ ఇదే. ఆపరేషన్ అయిన సంతోషంలో ఇంటికి వెళ్లిన కుటుంబం మళ్లీ అదే ఆస్పత్రికి వచ్చి ఆరోగ్యమిత్రను అడిగితేనే అది కదులుతుంది. అడగాలని చెప్పేవాళ్లు అరుదు. జిల్లా కేంద్రానికో హైదరాబాద్‌కో రానుపోను ఖర్చు, ఒకరోజు కూలి లెక్కేసుకుని ఊళ్లోనే కొనుక్కోవడం మేలనుకునేవాళ్లు ఎక్కువ.

కూలి మాట వచ్చింది కాబట్టి ఆరోగ్య ఆసరాను తలచుకోవాలి. 2019 డిసెంబరులో గుంటూరులో మొదలైన ఆ పథకం కింద, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇచ్చారు. జబ్బు ఖర్చంటే ఆస్పత్రి బిల్లే కాదని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భమది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పాడైన వేలమంది కథలోనూ ఇదే పాఠం ఉంది. డయాలిసిస్ ఉచితమే. వారానికి రెండు మూడుసార్లు ఆటో కట్టించుకుని వెళ్లిరావడం, వెంట ఇంకో మనిషి పని మానుకోవడం ఉచితం కాదు. డయాలిసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను ఇవ్వడం, పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆస్పత్రి తెరవడం ఆ లెక్క అర్థమయ్యాకే జరిగాయి.

దేశం మొత్తం మీద చూస్తే వైద్యానికయ్యే ఖర్చులో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గుదల నిజమైతే మంచిదే. మిగిలిన ఆ జేబు ఖర్చులో మందులదే సింహభాగం. పైగా జబ్బుల తీరు మారింది. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగరు ఉందని, పెద్దవాళ్లలో మూడోవంతు మందికి బీపీ ఉందని ఐసీఎంఆర్ పర్యవేక్షణలో జరిగిన సర్వే 2023లో తేల్చింది. ఇవి మంచమెక్కించే జబ్బులు కావు, జీవితాంతం మాత్ర మింగించేవి. మంచమెక్కేది ఆ మాత్రలు సరిగా పడనప్పుడు. అప్పుడు బీమా పలుకుతుంది.

మంచం ఎక్కినా బీమా ప్రతిసారీ పలకడం లేదు. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిలు చెల్లించలేదంటూ సేవలు ఆపేశాయి. తెలంగాణలో 1,400 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 2,700 కోట్ల దాకా రావాలన్నది వాటి వాదన. కొంత డబ్బు విడుదల, కొంత హామీ, మళ్లీ సేవలు మొదలు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తిరిగి వచ్చే తంతు ఇది. ఆస్పత్రుల వైపు తప్పు లేదనీ చెప్పలేం. అప్రూవల్ వచ్చిన చికిత్సకు రోగి దగ్గర పైసా తీసుకోకూడదన్నది నిబంధన. అయినా ప్యాకేజీ చాలదని పైడబ్బు అడిగారని, కార్డు బెడ్లు ఖాళీ లేవన్నారని ఫిర్యాదులు ఆగడం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. దేవుడు పూజారికి జీతం బాకీ పడ్డాడన్నది మాత్రం సామెతలో లేదు.

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో కొత్త నమూనాకు ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపై 25 లక్షల దాకా ట్రస్టు భరిస్తాయి. ఇందులో కొత్తదనం తక్కువ. ఆరోగ్యశ్రీ మొదట్లో నడిచింది బీమా కంపెనీ ద్వారానే, ట్రస్టు తర్వాత చేతిలోకి తీసుకుంది. చెల్లింపులు వేగం కావచ్చు. క్లెయిములు తిరస్కరించే అలవాటూ కంపెనీతో పాటే రావచ్చు. అడ్మిట్ కాకుండా వాడే ఓపీ మందుల సంగతి ఈ నమూనాకూ పట్టలేదు.

మందుల చీటీని కూడా మోసే ప్రభుత్వ బీమా మన దగ్గర లేదా అంటే ఉంది, ఏడు దశాబ్దాలుగా ఉంది. దాని పేరు ఈఎస్‌ఐ. 1948 చట్టం కింద 1952లో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైంది. నెలకు 21 వేల లోపు జీతం ఉన్న ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. అందుకు బదులుగా డిస్పెన్సరీలో చూపించుకోవడం, మాత్రలు, పరీక్షలు, ఆపరేషన్ అన్నీ అందుతాయి. వైద్యం ఖర్చుకు పరిమితి లేదు. జబ్బుతో సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. అయిదేళ్లు ఈఎస్‌ఐ పరిధిలో పనిచేసి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. ఈ చివరి సంగతి తెలిసినవాళ్లు ఏ కార్మికవాడలోనైనా ఎంతమంది ఉంటారన్నది అనుమానమే.

కాగితం మీద ఇంత గొప్ప పథకం జనంలో పలచనైపోవడానికి కారణం డిస్పెన్సరీ కిటికీ. రాసిన నాలుగు మందుల్లో రెండు లేవంటే కార్మికుడు మళ్లీ ఆ గడప తొక్కడు, జీతంలో కోత మాత్రం ఆగదు. 2019లో తెలంగాణ ఏసీబీ ఈఎస్‌ఐ మందుల కొనుగోళ్లలో అక్రమాలు బయటపెట్టి ఉన్నతాధికారులనే అరెస్టు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ మరుసటేడాది ఇలాంటి కేసులే నమోదయ్యాయి. మందుల చీటీని బీమాలో చేర్చడం ఒక ఎత్తు, ఆ మందును కిటికీ దాకా చేర్చడం మరో ఎత్తు.

ధర సంగతి చూస్తే తెలుగు నేలకు గర్వకారణమూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. ప్రపంచానికి జనరిక్ మందులు చేసిపెట్టే ఊళ్లలో హైదరాబాద్ ముందువరసలోది. కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2 లక్షల 80 వేలకు అమ్ముతుండగా, 2012 మార్చిలో హైదరాబాద్‌లోని నాట్కోకు పేటెంటు ఉన్నా ఆ మందు తయారుచేసే అనుమతి, అంటే కంపల్సరీ లైసెన్సు దొరికింది. నాట్కో మందు ధర నెలకు 8,800 చిల్లర. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. ఇంత చవకగా మందు చేయగల ఊళ్లోనే మామూలు బీపీ మాత్రను డాక్టరు రాసిన బ్రాండు పేరుతో కొని రెండింతలు మూడింతలు కడుతున్నారు. జనరిక్ పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు మొదట్లో నిబంధన తెచ్చింది. డాక్టర్ల సంఘాలు భగ్గుమనడంతో ఆ నెల దాటకముందే దాన్ని పక్కనపెట్టింది. నాణ్యతపై డాక్టర్ల అనుమానాన్ని కొట్టిపారేయలేం. తనిఖీ గట్టిగా లేనిచోట ఆ అనుమానం బ్రాండుకూ వర్తిస్తుందన్నది వాళ్లు చెప్పని మాట.

ఈలోగా అందుబాటులో ఉన్నది జన ఔషధి. 2008లో అమృత్‌సర్‌లో ఒక్క దుకాణంతో మొదలై 2023 చివరికి 10 వేల కేంద్రాలైంది. ధర బ్రాండు కన్నా 50 నుంచి 90 శాతం తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. రెండూ ఊరటే. అయితే చవకగా అమ్మడం వేరు, ఉచితంగా ఇవ్వడం వేరు. చేతిలో వంద లేనివాడికి చవక మందైనా, ఖరీదైన మందైనా ఒకటే.

ఉచితంగా ఇచ్చే దారి కూడా తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. నెలకోసారి ఊరికి వచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చిపోయే 104 బండి పుట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆంధ్రప్రదేశ్ 2020 జులై 1న 108 అంబులెన్సులు, 104 బండ్లు కలిపి 1,088 వాహనాలను మళ్లీ రోడ్డెక్కించింది. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. తెలంగాణ పల్లెల్లో నెలకు సరిపడా మాత్రలతో దీర్ఘకాలిక జబ్బులకు ఎన్‌సీడీ కిట్లు పంచారు. వీటిలో ఏదీ 25 లక్షలంత ఘనంగా వినిపించదు. మందుల షాపు బిల్లును నిజంగా తగ్గించగలిగేవి మాత్రం ఇవే. చిక్కల్లా, ఒక నెల వచ్చిన మాత్ర మరో నెల రాదు. ఒక ప్రభుత్వం పెట్టింది మరో ప్రభుత్వంలో నీరసిస్తుంది. బీపీ మాత్ర నెల విడిచి నెల మింగేది కాదు.

పక్క రాష్ట్రం ఈ చిక్కును ముందే పట్టుకుంది. తమిళనాడు మందుల కొనుగోలుకు 1990ల మధ్యలోనే ప్రత్యేక సంస్థ పెట్టి, గోదాములన్నిటినీ కంప్యూటర్ లెక్కల కిందికి తెచ్చింది. ఏ ఆస్పత్రిలో ఏ మాత్ర ఎంత మిగిలిందో తెలుస్తుంది కాబట్టి అయిపోకముందే పంపగలుగుతుంది. ఆ పునాది మీదే 2021 ఆగస్టులో ఇంటికే బీపీ, షుగరు మందులు చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ప్రభుత్వాస్పత్రుల్లో ఉచిత మందుల పథకం తెచ్చింది. అక్కడా తమిళనాడు పద్ధతిలోనే కొనుగోలు సంస్థ పెట్టుకున్నారు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ అలాంటి సంస్థలున్నాయి. లేనిది వాటికి సకాలంలో డబ్బు, సరుకు అయిపోతే జవాబు చెప్పే బాధ్యత.

70 ఏళ్లు నిండినవాళ్లందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. అదీ ఆస్పత్రిలో చేరితేనే. ఆ వయసులో రోజుకు నాలుగైదు మాత్రలు లేని ఇల్లు ఎక్కడుందో వెతకాలి.

రెండు రాష్ట్రాల బడ్జెట్లలో ఈసారి మార్చాల్సింది పరిమితి అంకె కాదు. బీపీ, షుగరు, గుండె, మూర్ఛ, థైరాయిడ్ వంటి దీర్ఘకాలిక జబ్బుల మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఏడాది పొడవునా ఆగకుండా ఇచ్చే హామీ కావాలి. అక్కడ మందు లేని రోజు పక్క జనరిక్ షాపులో కార్డు మీద తీసుకునే వీలుండాలి. ఆధార్‌తో రేషన్ బియ్యం ఏ షాపులోనైనా ఇవ్వగలిగిన రాష్ట్రాలకు ఇది అసాధ్యమైన సాంకేతికత కాదు.

అది వచ్చేదాకా కార్డున్నవాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డిశ్చార్జి రోజున పది రోజుల మందులు చేతికొచ్చాకే మంచం దిగండి. మీ చికిత్సకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉందా అని ఆరోగ్యమిత్రను అడిగి, ఉంటే తేదీలు రాయించుకోండి. చీటీ మీద మందు అసలు పేరు కూడా రాయమని డాక్టరును అడగడంలో తప్పులేదు. పైడబ్బు అడిగితే రసీదు ఇమ్మనండి, ఆరోగ్యశ్రీ, వైద్య సేవ ఫిర్యాదైతే 104కు, ఆయుష్మాన్ కార్డైతే 14555కు ఫోన్ చేయండి.